మామ్మ చెప్పిన షికాగో

మా వీధి చివర ఒక డాబా ఇంటిని ఎత్తుతున్నారు. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోతే ఆ ఇల్లు పల్లంలో పడిపోయింది, వానొస్తే వీధిలో నీళ్ళన్నీ వాళ్ళ వంటింట్లోకే. అందుకని పునాది కింద వరసగా జాకీలు పెట్టించారు. మేస్త్రీ ఈల వేస్తే పాతికమంది ఒకేసారి జాకీ తిప్పుతున్నారు. చూస్తుంటే ఇల్లు కదిలినట్టే అనిపించదు, సాయంత్రానికి మాత్రం జానెడు లేచింది. లోపల ఇంటావిడ దర్జాగా పోపు పెట్టుకుంటోంది. వీధి వీధంతా చూడ్డానికి చేరింది. "ఇలాంటి వింత ఎక్కడైనా విన్నామా!" అంది పక్కింటి పిన్నిగారు.

నేను విన్నాను. పదకొండేళ్ళప్పుడు, షార్జాలో, రోలా బజారు వెనక ఒక ఫ్లాటులో, వంటగది గుమ్మం దగ్గర కత్తిపీట ముందేసుకుని చేపలు తోముతున్న ఒక మనిషి నోటివెంట విన్నాను. ఆమె చెప్పింది ఒక ఇంటి గురించి కాదు, ఊరు ఊరంతా ఎత్తిన కథ. అది గుర్తొచ్చి అక్కడ నిలబడలేక ఇంటికొచ్చి ఏడ్చాను. మా ఆయన కంగారుపడి ఏమైందని అడిగితే ఉల్లిపాయలన్నాను. ఆ పూట మా ఇంట్లో ఉల్లిపాయ ముట్టుకున్నవాళ్ళే లేరు. అబద్ధం చెప్పడంలో నేను చిన్నప్పట్నుంచీ అంతే, ముందూ వెనకా చూసుకోను.

నాన్న అక్కడ ఒక కార్గో ఆఫీసులో పనిచేసేవాడు. ఊళ్ళో వాళ్ళు మాత్రం మేము దుబాయ్‌లో ఉంటామనే చెప్పుకునేవాళ్ళు. మా బిల్డింగు కింద ఒక పక్క కరక్ చాయ్ అమ్మే కేఫ్, ఇంకో పక్క అత్తరు కొట్టు. మెట్లెక్కుతుంటే మొదటి అంతస్తు దాకా ఏలకుల వాసన, అక్కణ్ణుంచి ఊదు పొగ, మూడో అంతస్తులో ఎవరింట్లోనో కొబ్బరినూనెలో వేగుతున్న చేప, నాలుగో అంతస్తు వచ్చేసరికి మా ఇంటి ఇంగువ. లిఫ్టు పాడైన రోజు కళ్ళు మూసుకుని ఎక్కినా మా తలుపు దగ్గర ఆగగలిగేదాన్ని. ఒక గది మాది, రెండోది ఒక మలయాళీ దంపతులది, వంటగది ఉమ్మడి. ఏసీ పెట్టె మీద పావురాలు గూడు పెట్టేవి. అమ్మ వాటిని తోలేది, నేను గుప్పెడు బియ్యం చల్లి మళ్ళీ పిలిచేదాన్ని. ఇప్పుడా బిల్డింగు లేదు. కూల్చేశారని నాన్న స్నేహితుడెవరో ఫోనులో చెప్పాడు.

శుక్రవారం సెలవు. ఆ రోజు చర్చిలో ప్రార్థన అయ్యాక మామ్మ మా ఇంటికి వచ్చేది. ఒక చేతిలో వంజరం ముక్కలు, ఇంకో చేతిలో తడిగుడ్డలో చుట్టిన గోంగూర. తాను పనిచేసే విల్లా పెరట్లో, అరబ్బుల మొక్కల మధ్య, ఎవరికీ చెప్పకుండా గోంగూర విత్తనాలు చల్లిన ఘనురాలు ఆమె.

ఆమె మాకు బంధువేమీ కాదు. అమ్మ పుట్టిన ఊరికి కాలువ అవతల ఊరు, అంతే. అమ్మ "పిన్నీ" అనేది, నాన్న "అత్తయ్యగారూ" అనేవాడు, కాబట్టి నాకు మామ్మ అయింది. ఆ పిలుపు ఆమెకు నచ్చేది కాదు.

"నేను మామ్మనేంటే? నా నెత్తి మీద ఎన్ని తెల్లెంటికలున్నాయో చూసి చెప్పు" అనేది. నేను నిజంగానే పాయలు తీసి వెతికేదాన్ని. పది దొరికితే గొప్ప. "చూసేవా? మామ్మంట మామ్మ! ఆ మామ్మతనం అంతా పాస్‌పోర్టులోదే" అని నవ్వేది. ఆ మాటకు అర్థం నాకు తర్వాత తెలిసింది.

ఆమె పనిచేసే విల్లా సముద్రం వైపు ఉండేది. ఇంటి యజమానురాలు అమెరికా ఆవిడ, షికాగోలో పుట్టి పెరిగింది. అక్కడ చదువుకోడానికి వెళ్ళిన ఒక అరబ్బాయనను పెళ్ళి చేసుకుని, షార్జాకు ఇంకా సరైన రోడ్లు కూడా లేని రోజుల్లో వచ్చేసింది. ఆయన పోయాడు. ఇప్పుడు కొడుకే ఇంటి పెద్ద, మామ్మ వీసా కూడా అతని పేరు మీదే, అంటే ఆమెకు కఫీల్ అతనే. మామ్మ ఆ ఇంట్లో దాదాపు ముప్పై ఏళ్ళుగా ఉంది. రోజూ మధ్యాహ్నం మేడమ్ కాళ్ళకు నూనె రాస్తుంటే మేడమ్ తన ఊరి కథలు చెప్పేది. అవి వచ్చే శుక్రవారానికి మా వంటగదిలోకి చేరేవి, గోదావరి నీళ్ళలో ఒకసారి ముంచి తీసినట్టుగా.

"సికాగో ఊరంతా చెక్కేనే" అని మొదలెట్టేది. "ఇల్లు చెక్క, గుడి చెక్క, ఆకరికి మనుసులు నడిచే దారి కూడా చెక్కే. ఆ ఏడు వానల్లేవు. ఓ పేదావిడ గేదె లాంతరు తన్నేసింది, దాంతో ఊరు తగలడిపోయిందన్నారు."

"గేదె కాదు మామ్మా, ఆవయి ఉంటుంది."

"నువ్వు చూసొచ్చేవా? ఆవైతే ఏం, గేదైతే ఏం, అది తన్నితే గదా! ఆవిడ అప్పటికే పడుకుందంట. ఎవడో పేపరోడు రాసేసేడు. గొప్పోళ్ళ ఇళ్ళు కాలినప్పుడు ఎవరో ఒకళ్ళ మీదెట్టాలి గదా. పాలమ్ముకునేది దొరికింది. ఇంక చచ్చేదాకా గడప దాటి రాలేదంట ఆవిడ." ఈ చోటికి వచ్చేసరికి చేప మీద పొలుసులు ఎగిరి గోడకు అంటుకునేవి. ఊరు మొత్తం కాలిపోయినందుకు ఆమెకు అంత బాధ లేదు, ఆ ఒక్క మనిషికి మాత్రం బాధపడేది. పెద్దయ్యాక చదివాను, ఆ ఆవు కథ కట్టుకథేనని ఆ ఊరివాళ్ళే ఒప్పుకున్నారు.

ఏరు కథ ఇంకోటి. ఊళ్ళో మురుగంతా ఏట్లో కలిసేది, ఏరు వెళ్ళి సముద్రమంత చెరువులో కలిసేది, ఊరంతా ఆ చెరువు నీళ్ళే తాగేది. జ్వరాలొచ్చి జనం పిట్టల్లా రాలిపోయారు. అప్పుడు పెద్దలు కూర్చుని, ఏరు ఇటు పారబట్టి కదా ఈ బాధ, అటు పారిద్దాం అనుకున్నారట. ఏళ్ళ తరబడి తవ్వి, ఏటిని వెనక్కి తిప్పారట.

"గోదావరిని కూడా తిప్పొచ్చా?" అని అడిగాను.

"గోదారినా! ముందు నోరు కడుక్కో" అంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైంది ఊరిని ఎత్తిన కథ. చెరువు ఒడ్డున, పల్లంలో, ఊరంతా బురదేనట. ఒకాయన బురదలో ఒక టోపీ కనబడితే తీశాడట, కింద మనిషి తల ఉంది. సాయం కావాలా బాబూ అంటే, అక్కర్లేదు, నా కింద గుర్రముంది, అదే లాగుతుంది అన్నాడట. ఆ బురద భరించలేక మేడలకు మేడలనే మరలు పెట్టి పైకి ఎత్తారు. "ఈల ఏత్తే వందలమంది ఒక్కసారే మర తిప్పాల. ఒక్కడు ముందు తిప్పేడా, గోడ బీటెత్తుద్ది. లోపల హోటల్లో జనం భోజనాలు చేత్తానే ఉన్నారంట. లేచి చూసుకుంటే వీధి కిందకెల్లిపోయింది!" అని చేత్తో కిటికీ వైపు చూపించేది. నేను పరిగెత్తి కిందికి చూసేదాన్ని. రోలా వీధి ఎక్కడున్నది అక్కడే ఉండేది, బస్సులూ తోపుళ్ళూ.

మా ఫ్లాటులో అన్నీ మంచివే జరిగాయని చెప్పను. మా అమ్మ మంచిదే. కానీ మామ్మకు ఒక స్టీలు గ్లాసు వేరుగా ఉండేది, కిటికీ పక్కన బోర్లించి. ఊళ్ళోని పద్ధతి విమానమెక్కి మాతోపాటే వచ్చేసింది. ఒక శుక్రవారం, ఏమవుతుందో చూద్దామని, కావాలనే ఆ గ్లాసులో నీళ్ళు తాగాను. అమ్మ మామ్మ ముందే నా చెంప పగలగొట్టింది. మామ్మ కత్తిపీట కడిగి, గోడకు చేరేసి, సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. తర్వాత రెండు శుక్రవారాలు రాలేదు. మూడో శుక్రవారం అమ్మ నన్ను వెంటబెట్టుకుని చర్చి గేటు దగ్గర ఎండలో నిలబడింది. మామ్మ బయటికి రాగానే, "పిన్నీ, పొయ్యి మీద పులుసు మాడిపోతోంది, తొందరగా రా" అంది. ఆమెకు తెలిసిన క్షమాపణ అంతే.

"మాడ్చేదానివి పొయ్యి మీదెట్టి ఎందుకొచ్చేవే" అంటూ మామ్మ బస్సెక్కింది. ఆ తర్వాత ఆ గ్లాసు మిగతా గ్లాసుల్లో కలిసిపోయింది, ఏది ఏదో నాకు తెలియలేదు.

ఆ మరుసటి ఏడాది ఒక శుక్రవారం మామ్మ చేపలు తేలేదు. వచ్చి, నాన్న ముందు పాస్‌పోర్టు పెట్టి కింద కూర్చుంది.

"అల్లుడుగారూ, కఫీల్ పేపర్లు పట్టుకెల్తే వీసా కొట్టం అన్నారంటండి. అరవై నిండిన పనిమనిసికి ఇవ్వరంట."

నాన్న పాస్‌పోర్టు చూశాడు, ఆమెను చూశాడు. "మీకు అరవయ్యా అత్తయ్యగారూ?"

"యాభయ్యండి."

అప్పుడు చెప్పింది. పడవ తిరగబడి భర్త పోయేటప్పటికి ఆమెకు ఇరవై, ఒళ్ళో చంటిపిల్ల. ముప్పై నిండని ఆడమనిషిని ఇంటిపనికి గల్ఫ్ పంపరని ఏజెంటు అన్నాడు. పదేళ్ళు ఎక్కువ వేసి రాయించాడు. "ఏం పోయింది, కాయితమే గదా అనుకున్నానండి" అంది. ఆ వైపు నుంచి వచ్చిన ఆడవాళ్ళలో చాలామందిది ఇదే కథ. చర్చిలో ఆమె పక్కన కూర్చునే ఒకావిడ కాగితంలో తన కన్నతల్లి కంటే రెండేళ్ళు పెద్దదట. మామ్మ ఆ మాట చెప్పి తానే నవ్వింది. మేమెవరం నవ్వలేదు.

"వయసు తప్పు పడిందని చెప్పి చూద్దామా?" అన్నాడు నాన్న.

"చెబితే దొంగ కాయితమని లోపలేత్తారు. చెప్పకపోతే ఇంటికి పంపేత్తారు. కఫీల్ మంచోడు గాబట్టి బతిమాలి నాలుగు నెలలు తెచ్చేడు. తర్వాత ఖలాస్."

ఇంటికి వెళ్ళడం ఆమెకు బాధ కాదు. కూతురుంది, మనవలున్నారు. ఆమె బెంగంతా మేడమ్ గురించే. మేడమ్‌కు కొంతకాలంగా మతిమరుపు ముదిరింది. "పొద్దు వాలితే చాలు, చేతిసంచీ తగిలించుకుని లేచిపోద్ది. రైలు టైమైపోయింది, మా అమ్మ ఎదురుచూత్తా ఉంటది అంటది. ఇదే మీ ఇల్లు మేడమ్ అంటే ఏడుత్తది. డాక్టరిచ్చిన మందేత్తే మర్నాడంతా మత్తులో పడుంటది. నేను ఆవిడ ఊరి కథ మొదలెడితే మాత్రం కూకుంటది. సంచీ కింద పెడతది." మేడమ్ చెప్పిన కథలనే మేడమ్‌కు తిరిగి చెప్పడం, రోజూ సాయంత్రం మామ్మ చేసే పని అది. కొడుక్కి ఆ కథలు తెలియవు, ఏనాడూ అడగలేదట. మామ్మ స్థానంలో రాబోయే ఇథియోపియా అమ్మాయికి అరబ్బీ తప్ప రాదు.

మామ్మ నా వైపు తిరిగింది. "అమ్మడూ, నువ్వు ఇంగిలీసు సదువుతున్నావు గదా. నేను చెప్తాను, నువ్వు రాసెట్టు. నేనెల్లిపోయాక వారానికో సాయంత్రం ఎల్లి ఆవిడకి చదివెట్టు. శుక్రవారం ఒక్కటైనా ఆ తల్లి ఏడవకుండా ఉంటది. కఫీల్‌తో చెప్పేను, సరేనన్నాడు."

ఆమె మా దగ్గర ఎప్పుడూ ఏదీ అడగలేదు. నేను సరేనన్నాను. ఇంట్లో అందరం సరేనన్నాం.

నాలుగు నెలలు, శుక్రవారం శుక్రవారం, ఒక లాంగ్ నోట్‌బుక్కులో రాశాను. ఆమె తెలుగులో చెబితే నేను నా స్కూలు ఇంగ్లీషులో పెట్టేదాన్ని. కొంచెం రాసేసరికి విసుగొచ్చేది. అప్పుడు సొంత కవిత్వం కలిపేదాన్ని. ఊరు తగలబడే కథలో ఒక కుక్కను పెట్టాను, అది ముగ్గురు పిల్లల్ని మంటల్లోంచి లాక్కొచ్చింది. మామ్మకు ఇంగ్లీషు అక్షరం రాదు కదా అని ధైర్యం. కానీ ఆమె ప్రతివారం, రాసింది చదివి తెలుగులో చెప్పమనేది. చెప్పేటప్పుడు కుక్క నోరు జారింది.

"కుక్కెక్కడ్నించొచ్చిందే?"

"ఊరికే మామ్మా. బాగుంటుందని."

"ఆవిడ పుట్టి పెరిగిన ఊరు. అందులోకి నీ కుక్కని తోలకు. కొట్టెయ్" అంది. కొట్టేశాను. కాసేపాగి, "ముగ్గురు పిల్లల్నీ లాక్కొచ్చిందా?" అని అడిగింది. అవునన్నాను. "మంచి కుక్క" అంది.

వెళ్ళిపోవడానికి పదిరోజుల ముందు నన్ను విల్లాకు తీసుకెళ్ళింది. బయట ఎండ మండిపోతుంటే హాల్లో ఏసీ చలి, మూసిన కర్టెన్లు, గులాబీ పౌడరు వాసన. ఒక తెల్లజుట్టు ముసలావిడ ఉన్ని కోటు తొడుక్కుని, చేతిసంచీ ఒళ్ళో పట్టుకుని, కుర్చీ అంచున కూర్చుని ఉంది, ఇప్పుడో ఇంకాసేపట్లోనో లేచిపోయేదానిలా. మామ్మ ఆమె కాళ్ళ దగ్గర కూర్చుంది.

"మేడమ్, సిట్, సిట్. సికాగో రివర్ మాలూమ్? రివర్ వెరీ వసక్. పీపుల్ డ్రింక్, పీపుల్ ఖలాస్. బిగ్ మెన్ కమ్. డిగ్, డిగ్, డిగ్! యల్లా రివర్, గో బ్యాక్!"

వసక్ అంటే అరబ్బీలో మురికి, యల్లా అంటే పద. మామ్మ మాట్లాడిన ఆ కలగలుపు భాష ఏ దేశానిదో నాకు తెలియదు. కానీ మేడమ్ ముఖం విచ్చుకుంది. ఏదో అంది, చెయ్యి గాల్లో ఇటు నుంచి అటు తిప్పింది. "వాళ్ళ తాత కూడా తవ్వేడంట" అని మామ్మ నాకు తెలుగులో చెప్పింది. కథ సగానికి వచ్చేసరికి చేతిసంచీ మెల్లగా జారి తివాచీ మీద పడింది. మామ్మ నా వైపు చూసి కళ్ళెగరేసింది.

అప్పుడు మేడమ్ నన్ను చూసింది. ముందుకు వంగి నా మణికట్టు పట్టుకుని, ఏదో పేరు పెట్టి పిలిచింది. ఆ వేళ్ళు ఎముకల్లా ఉన్నాయి, వదలడం లేదు. "చెల్లెలనుకుంటంది. అవునను" అంది మామ్మ చిన్నగా. నాకు భయం వేసింది. అవునని అనలేకపోయాను. జీవితంలో ఎన్నో అబద్ధాలాడిన దాన్ని, ఆడాల్సిన ఆ ఒక్కటీ ఆడలేకపోయాను.

మామ్మ వెళ్ళిపోయింది. మొదటి శుక్రవారం నాకు పరీక్షలున్నాయి. వచ్చేవారం వెళ్దాంలే అంది అమ్మ. రాత్రి ఊరి నుంచి మామ్మ మిస్డ్ కాల్ ఇచ్చింది, మేము తిరిగి చేశాం.

"చదివేవా?" అంది.

"చదివాను" అన్నాను. ఎందుకన్నానో తెలియదు, అలా వచ్చేసింది.

"విన్నదా?"

"విన్నది."

"సంచీ కింద పెట్టిందా?"

"పెట్టింది."

అమ్మ నా వైపు ఉరిమి చూసింది. ఫోను పెట్టేశాక, "వచ్చేవారం నిజంగానే తీసుకెళ్తాను" అంది.

రెండో శుక్రవారం క్లాసులో ఒకమ్మాయి పుట్టినరోజు, మాల్‌లో. ఎటు వెళ్తావని అమ్మ నన్నే అడిగింది. నేను కేకు వైపు వెళ్ళాను. మూడో శుక్రవారం వాన పడింది. షార్జాలో వానంటే ఊరంతా మోకాళ్ళ లోతు నీళ్ళు, టాక్సీ ఒక్కటి దొరకదు. వాన పడినందుకు నేను సంతోషించాను. దాచుకోవడం దేనికి, ఆ వేళ్ళంటే నాకు భయం. ఆ రెండు వారాలూ ఫోనులో అవే ప్రశ్నలు, అవే జవాబులు.

నాలుగో శుక్రవారం నాన్న సెలవు చూసుకుని మరీ తీసుకెళ్ళాడు. నోట్‌బుక్కుకు అట్ట వేశాను. గేటు దగ్గర ఆ ఇంటి మలయాళీ డ్రైవరు కారు తుడుస్తున్నాడు. నాన్నతో హిందీలో మాట్లాడాడు. మేడమ్ పోయి ఐదు రోజులైంది, ఆదివారం పోయింది. ఈ నెల రోజులూ సాయంత్రమైతే సంచీ పట్టుకుని గేటు దాకా వచ్చేదట. కొత్తమ్మాయి ఏం చెప్పినా వినేది కాదట. మందులిచ్చి పడుకోబెట్టేవాళ్ళట. నాన్న ఆ మాటలు నాకు వినపడకుండా ఉండాలని నా భుజం పట్టుకుని పక్కకు తిప్పాడు. అప్పటికే అన్నీ విన్నాను.

ఇంటికొచ్చేసరికి మామ్మ మిస్డ్ కాల్ వచ్చి ఉంది. నాన్న ఫోను కలిపాడు, మెల్లగా చెబుదామని గొంతు సవరించుకున్నాడు. నేను ఫోను లాక్కున్నాను.

"మామ్మా, ఇవాళ ఏరు కథ చదివాను!"

అవతల కాసేపు ఏమీ వినపడలేదు. సిగ్నల్ పోయిందనుకున్నాను. తర్వాత, "అలాగా? చెప్పు, చెప్పు" అంది.

చెప్పాను. వేసవి సెలవుల దాకా, ప్రతి శుక్రవారం చెప్పాను. మేడమ్ నా ఉచ్చారణ తప్పులు దిద్దిందన్నాను. ఐస్‌క్రీం అడిగి తిన్నదన్నాను. కోటు విప్పేసి కూర్చుందన్నాను. అబద్ధం అల్లడానికైనా ఆ నోట్‌బుక్కును మళ్ళీ మళ్ళీ చదివాను, చదవాల్సినప్పుడు చదవని దాన్ని. నేను చెబుతున్నంతసేపూ అమ్మ పొయ్యి తగ్గించి వింటూ నిలబడేది. ఒక్కసారీ కాదనలేదు. నిజం చెప్పేద్దామని నాన్న రెండుసార్లు అన్నాడు, ఎవరం చెప్పలేదు.

సెలవుల్లో అమ్మమ్మగారింటికి వెళ్ళినప్పుడు కాలువ దాటి మామ్మ ఊరు వెళ్ళాం. రేకుల ఇల్లు, వాకిట్లో రొయ్యలు ఎండబెట్టి ఉన్నాయి. మామ్మ బాగా తగ్గిపోయింది, కానీ నవ్వు అదే. పింఛను సంగతి చెప్పి నవ్వింది. "అక్కడ ముసల్దానివి పొమ్మన్నారు. ఇక్కడ ఆధారు కార్డు చూసి, నీకింకా వయసుంది, పదేళ్ళాగి రమ్మన్నారు. నేనెక్కడ ముసల్దాన్నో ఎక్కడ పడుచుదాన్నో ఆ దేవుడికే తెలియాలి."

తర్వాత నన్ను దగ్గరికి లాక్కుని మంచం మీద కూర్చోబెట్టుకుంది.

"మేడమ్ పోయిన సంగతి నాకు ఆదివారమే తెలుసే. డ్రైవరు ఫోన్ చేసి, పోయిందని ఒక్క ముక్క చెప్పి పెట్టేసేడు."

"మరి... నేను చెబుతుంటే..."

"నువ్వు చెప్తంటే ఆవిడ కూకుని వింటన్నట్టే ఉండేది. శుక్రవారం ఎప్పుడొత్తదా అని చూసేదాన్ని. నేను ఏడుత్తానని నువ్వు దాత్తన్నావు, నాకు తెలుసని తెలిత్తే నువ్వు చెప్పడం మానేత్తావని నేను దాచేను. ఏం పాపం లేదులే." నా జుట్టు సవరించింది. "పోయేముందు మూడు శుక్రవారాలు విన్నది గదా. తన ఊరు తను విని పోయింది. నాకదే చాలు. ముప్పై ఏళ్ళు చేసినదానికి ఆ ఒక్కటీ దక్కింది."

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ రొయ్యల మీద వాలుతున్న కాకిని తోలుతున్నట్టు అటు తిరిగింది. నిజం చెప్పేయాలి, చెప్పేసి ఏడవాలి అని నా గొంతులోకి వచ్చేసింది.

"ఆ మొదట్రోజు సంగతి మళ్ళీ చెప్పవే" అంది మామ్మ. "ఫోన్లో గబగబా చెప్పేసేవు. ఎక్కడ కూకుంది? ఏ కథ చదివేవు?"

చెప్పాను. కర్టెను కొంచెం పక్కకు తీసి ఉందని, మేడమ్ కిటికీ పక్కన కూర్చుందని, ఊరిని ఎత్తిన కథ చదివానని చెప్పాను. ఈల వేసే చోట నేను నిజంగానే ఈల వేస్తే నవ్విందన్నాను. నన్ను చెల్లెలి పేరుతో పిలిస్తే అవునన్నానని చెప్పాను.

"నా గురించి అడిగిందా?"

"అడిగింది మామ్మా. నువ్వు చదువుతుంటే బాగానే ఉంది గాని, ఆమె చెబితేనే బాగుంటుంది అంది."

మామ్మ నవ్వింది, నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. కూతుర్ని పిలిచి, "ఇన్నావా, మేడమ్ ఏమందో ఇన్నావా" అని మళ్ళీ నాచేత చెప్పించింది. ఎదురింటావిడ వస్తే ఆమెకూ చెప్పించింది. మూడోసారి చెప్పేటప్పటికి నా గొంతు వణకడం కూడా మానేసింది.

నాలుగేళ్ళ తర్వాత ఆమె పోయిందని తెలిసినప్పుడు మేము ఇంకా షార్జాలోనే ఉన్నాం. ఆ నాలుగేళ్ళలో ఎన్ని శుక్రవారాలు మాట్లాడుకున్నామో. ప్రతిసారీ, ఈసారి చెప్పేయాలి అనుకునేదాన్ని. ఆమె మాత్రం ఎవరు తన గురించి అడిగినా, దుబాయ్‌లో ఏం సంపాదించావని అడిగినా, ఆ మూడు శుక్రవారాల సంగతే చెప్పేదట. అంత్యక్రియల రోజున పాస్టరుగారు కూడా ఆ మాటే చెప్పారని కూతురు ఫోనులో అంది.

"నీ పేరు కూడా చెప్పేరమ్మా" అంది. "మా అమ్మ మాట నిలబెట్టిన పిల్లని."